బురద వేరు, మురికి వేరు

ఉగాది వస్తే చాలు, మన కవులందరి ఇళ్ళ దగ్గరా కోయిల కూస్తుంది, మావి చిగురిస్తుంది. కోయిలతో నాకు పేచీ లేదు. మామిడికి పేరుమోసిన కృష్ణగిరిలో ఉంటూ మావిచిగురును కాదనలేను కూడా. అయితే చాలా కవితలలో కృష్ణగిరిని తీసి కాకినాడను పెట్టినా ఒక్క మాట మార్చనక్కరలేదు. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి; వోచరు లేని జమను ఒప్పుకోము. కవి ఈ ఋతువును ఇక్కడే చూశాడనడానికి కవితలోనూ ఒక ఆనవాలు వెదుకుతాను.

మాఘ ఫాల్గుణాలలో మన మొరసునాటి చెరువులు ఎలా ఉంటాయి? నీళ్ళు దిగిపోయి అంచున బురద బయటపడుతుంది. ఉల్లంకులు అందులో పొడుచుకు తింటాయి. గట్టు మీద తీతువు అరుస్తుంది. బుడబుంగ ఇక్కడ మునిగి ఎక్కడో తేలుతుంది. రాగి కోతలనాడు బన్నేరుఘట్ట వైపునుంచి జవళగిరి, తళి మీదుగా వచ్చిన ఏనుగులు, తిరిగిపోయేలోగా సానమావు చుట్టుపక్కల కుంటలను కలచిపోతాయి. కోయిల కన్నా ముందు మనకు వసంతాన్ని చెప్పేది ఈ కలక నీళ్ళే.

ఇది కవిత్వానికి పనికిరాని సరుకు కాదు. పోతన గజేంద్రమోక్షణంలో మొసలి కన్నా ముందు మనం చూసేది మడుగులో దిగి నీళ్ళు చిమ్ముకునే ఏనుగుల గుంపును. ఆ ఆట కళ్ళకు కట్టింది కనుకనే తర్వాతి ఆపద మనసుకు తగులుతుంది. ఆముక్తమాల్యదలో రాయలవారు శ్రీవిల్లిపుత్తూరు కాలువలలో తలలు రెక్కల్లో దూర్చి నిద్రపోయే బాతులను చూపారు. స్నానానికి వచ్చిన బ్రాహ్మణులు మరచిపోయిన తడిపంచెలనుకుని తలారులు తీయబోతే అవి లేచి పారిపోతాయి. చేల కాపు పడుచులు నవ్వుతారు. ఊరు తమిళనాటిది, పద్యం తెలుగుది. మనకు ఇంతకన్నా దగ్గరి చుట్టం ఎవరు?

ఇటీవలి కవితలలో మరో అలవాటు చూస్తున్నాను. కలక నీరు కనబడగానే దాన్ని లోకంలోని చెడుకు గుర్తుగా వాడేయడం. బురద వేరు, మురికి వేరు. బెంగళూరులోని బెళ్ళందూరు, వర్తూరు చెరువుల మురుగు దక్షిణ పినాకినిలో కలిసి హొసూరు పక్కన కెలవరపల్లి జలాశయానికి చేరుతుంది. అక్కడ గేట్ల దిగువన నురుగు గుట్టలుగా పేరుకున్న ఏళ్ళున్నాయి. ఆ నురుగు చూపుకు పాలతెలుపు, లోన విషం. కుంట నీరు చూపుకు మన్ను, లోన ప్రాణం. ఈ రెంటినీ ఒకే మాటతో పిలిచిన కవిత ఎంత ఆవేశంతో రాసినా అబద్ధం చెప్పినట్టే.

పేర్ల సంగతి మనకు మరీ ముఖ్యం. 2006 చట్టంతో తమిళనాడు బడులలో తమిళం తప్పనిసరి అయింది. మన పిల్లలకు తెలుగు చదువు ఇరుకున పడింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకు ఉల్లంకి పేరు ఏ పాఠం చెబుతుంది? పులికాటు సరస్సుకూ అక్కడి తెలుగు పలుకుబడికీ స.వెం.రమేశ్ 'ప్రళయకావేరి కథలు' చోటిచ్చాయి. మన చెరువులకు ఆ పని కవులు చేయవచ్చు.

వచ్చే ఉగాదికి కోయిలను మానమని అడగను. దాని పక్కన ఒక చెరువు పేరు, బురదలో నిలబడ్డ ఒక పిట్ట పేరు రాయమంటున్నాను.