ఎదురుచెప్పే కుక్క

ఈ వారం గార్ల స్టేషన్ దగ్గర ఒక కుర్రాడు హస్కీ కుక్కను పట్టుకొని, "ఇది తోడేలు జాతి సార్" అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతున్నాడు. నాకు కోపం వచ్చింది. తోడేలు పేరు ఎవరు పడితే వాళ్లు వాడుకుంటే నేను ఊరుకోనని ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు.

మన తోడేలును చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. దక్కను బీళ్లలో తిరిగే మన తోడేలు ఇరవై కిలోల చుట్టూ ఉండే బక్కపలుచని జంతువు. పొట్టి బొచ్చు, పసుపు కళ్లు. అది ఏడాదికి ఒక్క ఈతే ఈనుతుంది, తండ్రి కూడా పిల్లలకు మేత తెస్తాడు. ఇక హస్కీలాంటి, మంచు మీద బండి లాగే బండికుక్కల సంగతి. సైబీరియా ఉత్తరాన జోఖోవ్ దీవిలో దొరికిన 9,500 ఏళ్ల నాటి కుక్క జన్యువులను చదివి 2020లో శాస్త్రవేత్తలు తేల్చిందేమిటంటే, నేటి బండికుక్కలు ఆ పాత వంశానివే. వాటిలో అమెరికా ఉత్తరాది తోడేళ్ల నెత్తురు కలిసిన జాడే కనబడలేదు.

హంగరీ పరిశోధకులు 2003లో ఇంకో తేడా చూపించారు. తిండి అందకుండా బిగించి పెడితే, మనుషులు పెంచిన తోడేలు దాంతోనే పెనుగులాడింది. కుక్క కాసేపు ప్రయత్నించి మనిషి మొహంలోకి చూసింది. తోడేలుది సొంత తెలివి, కుక్కది విధేయత అని రాసి ముగిద్దామనుకున్నాను.

మందకుక్క అడ్డొచ్చింది. నా చిన్నప్పుడు కోతలయ్యాక ఎరువు కోసం మా చేన్లో గొర్ల మంద పెట్టించేవాళ్లు. కురుమ తాతతో పాటు ఒక ఎర్రకుక్క వచ్చేది, ఆయన తినే జొన్న గటకే దానికీ. ఒక రాత్రి అది ఉన్నట్టుండి లేచి చీకట్లోకి ఉరికింది. ఎంత పిలిచినా రాలేదు. నేను మళ్లీ పిలవబోతే తాత ఆపాడు: "పిలవకు బిడ్డా. నాకు కనవడనిది దానికి కనవడ్డది." తెల్లారి లెక్కపెడితే ఒక్క గొర్రె తగ్గలేదు.

అలాస్కాలోనూ ఇదే. కాళ్ల కింద మంచు పలచబడిందని పసిగడితే బండికి ముందుండే కుక్క, తోలేవాడు ఎంత అదిలించినా అడుగు వేయదు. 1925లో కంఠసర్పి మందును ఐదున్నర రోజుల్లో నోమ్ ఊరికి చేర్చినవి ఇలాంటి కుక్కలే. కాదని నిలబడే తెలివి వీటికీ ఉంది. తోడేలు ఆ తెలివిని తన పిల్లలకు వాడుకుంటుంది. ఇవి గొర్రెలకూ, బండి మీది మనిషికీ వాడతాయి. అందుకే వీటిని విధేయమైనవి అని సరిపెట్టడం నాకిప్పుడు అన్యాయంగా తోస్తోంది. అలాంటి పనికుక్కను 45 డిగ్రీల ఎండలో షోకు కోసం కట్టేయడం అంతకంటే అన్యాయం.

కుక్క కావాలంటే మందలవాళ్లను అడగండి, పిల్లను ఇస్తారు. తెచ్చుకున్నాక దానికి కాపలా కాయడానికి ఏదో ఒకటి అప్పగించండి.