మొదటి ఆట చూసొచ్చినవాళ్ళ మాట

2024 సంక్రాంతి బరిలో మహేశ్‌బాబు ‘గుంటూరు కారం’, వెంకటేశ్ ‘సైంధవ్’, నాగార్జున ‘నా సామి రంగ’ ఉన్నాయి. వాటి మధ్యలో తేజ సజ్జా హీరోగా ప్రశాంత్ వర్మ తీసిన ‘హను-మాన్’ దిగింది. అదీ జనవరి 12న, ‘గుంటూరు కారం’ వచ్చే రోజే. హైదరాబాద్‌లో ‘హను-మాన్’కు థియేటర్లు దొరకడమే గగనమైంది. అప్పుడు ‘హను-మాన్’ వాళ్ళు ఒక సాహసం చేశారు. ముందు రోజు, 11వ తేదీ గురువారం సాయంత్రమే, టికెట్లు అమ్మి ప్రీమియర్ ఆటలు వేసేశారు. పెద్ద సినిమా తెర మీద పడేలోపే తమ సినిమా సంగతి జనం నోటితోనే బయటికి రానిచ్చారు. మాట బాగుంటే పండగంతా నిలబడతారు. తేడా వస్తే శుక్రవారం పొద్దుటికే దుకాణం కట్టేయాలి.

ఆ రాత్రి హాల్లోంచి బయటికొచ్చిన జనమే ఆ సినిమాను భుజానికెత్తుకున్నారు. పండగ వెళ్ళేసరికి థియేటర్లు పెరిగాయి. ఆ ఏడాది తెలుగులో వచ్చిన పెద్ద విజయాల్లో అది ఒకటైంది. హిందీ రాష్ట్రాల్లోనూ ఆడింది.

మా ఇంట్లో, స్నేహితుల్లో మొదటి ఆట చూసి కబురు చెప్పే పని ఎన్నో ఏళ్ళుగా నాది. టైటిల్స్ పూర్తికాక ముందే ఫోన్లు మొదలవుతాయి. ‘ఎలా ఉంది? పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా? రేపటికి బుక్ చేసెయ్యనా?’ అని. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పడం చిన్న పనిగా నాకెప్పుడూ అనిపించలేదు. అందులో ఒక పనితనం ఉంది, బాధ్యత కూడా ఉంది. సూపర్ హీరో సినిమా అయితే ఆ బాధ్యత ఇంకాస్త ఎక్కువ.

ఎందుకంటే సూపర్ హీరో కథ సగం మనకు ముందే తెలుసు. బలహీనుడికి బలం వస్తుంది, మొదట దాన్ని తన సరదాకు వాడుకుంటాడు, తర్వాత ఊరి కోసం నిలబడతాడు. టికెట్ కొన్న ప్రతివాడికీ ఈ దారి తెలుసు. ఇక చూసేవాడికి మిగిలేది ఆ బలం ఎలా వచ్చింది, దానికి హద్దేమిటి, చివర్లో ఏం జరిగింది అన్న మూడు సంగతులే. ‘హను-మాన్’లో అంజనాద్రి అనే ఊళ్ళో చిల్లర దొంగతనాలు చేసుకుని తిరిగే హనుమంతుకు నీళ్ళ అడుగున ఒక మణి దొరుకుతుంది. దాని మీద ఎండ పడితేనే అతనికి బలం. ఈ నియమం హీరోకీ తెలియదు, మనకూ తెలియదు. అతను తడుముకుంటూ కనిపెడుతుంటే మనమూ అతనితో పాటు కనిపెడతాం. హాల్లో పిల్లలు పగలబడి నవ్విన సన్నివేశాలన్నీ ఆ తడుములాట చుట్టూ ఉన్నవే. ‘ఆ మణి పగలే పనిచేస్తుంది’ అని మొదటి రోజే ఎవరైనా చెప్పేసి ఉంటే ఆ అరగంట చప్పబడిపోయేది. ఇప్పుడు ఇన్నాళ్ళయింది కాబట్టి రాస్తున్నాను. ఆ గురువారం రాత్రి నోరు మెదపలేదు.

ఆ రాత్రి నా చెవినపడిన మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. ‘ఈ బడ్జెట్‌లో ఈ గ్రాఫిక్స్ ఎలా చేశారో!’ ‘సెకండాఫ్ మధ్యలో కాస్త సాగింది, ఓపిక పట్టు.’ ‘చివరి ఇరవై నిమిషాలు గూస్‌బంప్స్, అంతకు మించి అడక్కు.’ ‘పిల్లలున్న ఇల్లయితే రెండో ఆలోచన వద్దు.’ వీటిలో కథ ఎక్కడా లేదు. అయినా వెళ్ళాలో వద్దో తేల్చుకోవడానికి కావలసిన సమాచారమంతా ఉంది. తెర మీద పెట్టిన ఖర్చు ఎలా కనిపిస్తోంది, ఎక్కడ నెమ్మదిస్తుంది, ఎక్కడ లేస్తుంది, ఎవరిని వెంటపెట్టుకుని వెళ్ళాలి అన్నీ వచ్చేశాయి. వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. తరాలుగా మొదటి ఆటలు చూసి, ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని చెప్పిన అలవాటు అది.

ఆ అలవాటు పాతదే, సూపర్ హీరో కూడా మనకు కొత్త కాదు. 1980లోనే ఎన్టీఆర్ ‘సూపర్‌మాన్’ వచ్చింది. వి.మధుసూదనరావు దర్శకుడు. అందులోనూ హీరోకు బలం ఇచ్చేది ఆంజనేయుడే. ఆ రోజుల్లో పట్నంలో సినిమా చూసి ఆఖరి బస్సుకు ఊరు చేరినవాడు మర్నాడు టీ కొట్టు దగ్గర చెప్పిందే ఊరికి సమీక్ష. తెల్లారేదాకా మనసులో నలిగాకే ఆ మాట బయటికొచ్చేది. ఇప్పుడు ఇంటర్వెల్ లైట్లు వెలగగానే ఫోన్లు వెలుగుతున్నాయి. సమోసా క్యూలో నిలబడే ‘ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ నిలబడాలి’ అని పంపేస్తున్నాం. సూపర్ హీరో సినిమాలో ఇంటర్వెల్ దాకా వేసేవి పునాదులే. వాటి మీద ఏం కట్టారో చూడకుండా పునాది గురించి మాట్లాడితే ఆ సినిమాకూ, మన మాట నమ్మినవాడికీ అన్యాయమే. అందుకే నేను ఇంటర్వెల్‌లో వచ్చిన ప్రశ్నలకు జవాబివ్వను. ఆట అయ్యాక కూడా కాసేపు నడిచి, టీ తాగి, అప్పుడు ఫోన్ తీస్తాను. ఒంట్లో ఆ ఊపు కొంచెం తగ్గాక కూడా ఏ సన్నివేశం మనసులో ఆడుతుందో చూసుకుని దాని గురించి చెబుతాను.

తెలుగు సినిమాకు తొలి మాట చాలాసార్లు అమెరికా నుంచి వస్తుంది. అక్కడ గురువారం రాత్రి ప్రీమియర్ పడితే ఇక్కడ శుక్రవారం తెల్లవారుజాము. డాలస్‌లో, న్యూజెర్సీలో చూసిన తమ్ముళ్ళు, బావమరుదులు పెట్టిన మెసేజ్‌తో ఇక్కడ నిద్ర లేస్తాం. ఒకసారి మాత్రం ఈ వరస తిరగబడింది. ‘స్పైడర్‌మ్యాన్: నో వే హోమ్’ మన దేశంలో 2021 డిసెంబర్ 16న విడుదలైంది. అమెరికాలో విడుదల తేదీ 17. పాత స్పైడర్‌మ్యాన్‌లు టోబీ మెగ్వైర్, ఆండ్రూ గార్‌ఫీల్డ్ కూడా ఇందులో ఉన్నారా అన్నదే అప్పుడు ప్రపంచమంతా అడుగుతున్న ప్రశ్న. గార్‌ఫీల్డ్ ఇంటర్వ్యూల్లో తాను లేనని చెబుతూ వచ్చాడు. ఆ గుట్టు ఒక పూట ముందే మన హైదరాబాద్, విజయవాడ, విశాఖ కుర్రాళ్ళ చేతిలో పడింది. పొద్దున ఆట చూసొచ్చిన మా చెల్లెలి కొడుకును ఫోన్‌లో అడిగాను. వాడు సినిమా గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ‘మామయ్యా, ఖాళీగా ఉన్న ఆటకు వెళ్ళకు. హాలు నిండిన ఆటకే వెళ్ళు. అందరితో కలిసి అరవాలి’ అన్నాడు. ఆ సినిమాను ఎలా చూడాలో అంతకన్నా బాగా నాకెవరూ చెప్పలేదు. వెళ్ళాక తెలిసింది, ఆ సలహా అక్షరాలా నిజమని. ఇద్దరు పాత స్పైడర్‌మ్యాన్‌లు ఒకరి తర్వాత ఒకరు తెర మీదికి వచ్చినప్పుడు డైలాగులు వినపడలేదు, వినాలని ఎవరికీ లేదు.

హాలీవుడ్‌వాళ్ళు ఈ తొలి మాట విలువ ఎప్పుడో గ్రహించారు. 2019 ఏప్రిల్‌లో ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ విడుదలకు కొద్ది రోజుల ముందు కొన్ని దృశ్యాలు బయటికి పొక్కాయి. దర్శకులు ఆంథనీ రూసో, జో రూసో అభిమానులకు బహిరంగంగా ఉత్తరం రాశారు. మీరు చూశాక తర్వాతివాళ్ళకు కథ చెప్పకండి, మీరైతే ఎలా చూడాలనుకుంటారో వాళ్ళనూ అలా చూడనివ్వండి అని దాని సారాంశం. వేల కోట్ల రూపాయలు పెట్టి తీసినవాళ్ళు చివరికి ప్రేక్షకుడి పెద్దమనసు మీదే ఆధారపడ్డారు. అభిమానులు చాలావరకు ఆ మాట నిలబెట్టారు. ఆ సినిమాకు సంబంధించి మొదటి రోజు నేను అందరికీ చెప్పిన విషయం ఒకటుంది. మార్వెల్ సినిమాల్లో పేర్లన్నీ పడ్డాక ఒక చిన్న సన్నివేశం వస్తుంది కదా, దీనికి రాదు. ఇనుము మీద సుత్తి దెబ్బల చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. చంటిపిల్లలతో వెళ్ళినవాళ్ళు ఆ పది నిమిషాలు కూర్చోవాలా లేవాలా అన్నది తెలుసుకుంటే మేలు. ఇలాంటి చిన్న సంగతులు కథను ముట్టుకోవు, చూసేవాళ్ళకు సాయపడతాయి.

ఆ పరిశ్రమే తొలి మాటను చెడగొట్టగలదని కూడా చూశాం. 2023 ఏప్రిల్‌లో లాస్ వేగాస్‌లో జరిగిన సినిమాకాన్ అనే పరిశ్రమ సదస్సులో ‘ద ఫ్లాష్’ ముందస్తు ఆట వేశారు. పిలుపు అందుకుని చూసినవాళ్ళ నుంచి పొగడ్తలు వెల్లువెత్తాయి. సూపర్ హీరో సినిమాల్లోనే గొప్పవాటిలో ఇదొకటని స్టూడియో పెద్దలే అన్నారు. జూన్‌లో టికెట్ కొన్న జనం చూశారు. సినిమా దారుణంగా దెబ్బతింది. ముందు చూసినవాళ్ళంతా అబద్ధం చెప్పారని నేననను. పిలిచి, మర్యాద చేసి, అందరికన్నా ముందు చూపిస్తే ఆ సంతోషం కూడా సినిమా ఖాతాలోకే వెళ్ళిపోతుంది. మన బెనిఫిట్ షోలకూ ఇది వర్తిస్తుంది. కటౌట్‌కు పాలాభిషేకం చేసి, డప్పుల మధ్య లోపలికి వెళ్ళినవాడు చూసేది సగం సినిమా, సగం తన పండగ. ఆ పండగ తప్పేమీ కాదు, అది లేకపోతే తెలుగు సినిమాయే లేదు. కాకపోతే వాడు బయటికొచ్చి మాట్లాడేటప్పుడు ‘నేను ఫలానా హీరో అభిమానిని’ అని ముందే చెప్పాలి. అప్పుడు వినేవాడు తన లెక్క తాను వేసుకుంటాడు. నాకు ప్రశాంత్ వర్మ ‘అ!’ చాలా ఇష్టం. ‘హను-మాన్’ గురించి అడిగినవాళ్ళందరికీ ముందు ఆ ముక్క చెప్పాకే మిగతాది చెప్పాను.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. తెర మీద క్లైమాక్స్ నడుస్తుంటే ఫోన్ ఎత్తి వీడియో తీసి స్టేటస్‌లో పెట్టడం అభిమానం కాదు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం అది నేరం. కనీసం 3 నెలల జైలు, 3 లక్షల రూపాయల జరిమానా ఉంటాయి. చట్టం సంగతి అలా ఉంచినా, ‘హను-మాన్’లో మంచు పగిలే ఆ చివరి ఘట్టాన్ని అరచేతిలో, వంకర ఫ్రేములో, పక్కవాడి కేకల మధ్య చూసినవాడికి అది మళ్ళీ మొదటిసారి దక్కదు. గ్రాఫిక్స్‌వాళ్ళు నెలల తరబడి పెద్ద తెర కోసం చేసిన పనిని మనం పదిహేను సెకన్లలో పాడుచేసినవాళ్ళం అవుతాం.

రేటింగుల మాట. ‘రెండు ముప్పావు’, ‘మూడుంపావు’ అని పావు మార్కులు వేసే అలవాటు మనకు బాగా పట్టింది. మల్టీప్లెక్స్ గుమ్మంలో మైకు పట్టుకున్నవాళ్ళు కూడా ముందు అడిగేది అదే. అంకె అడిగితే నేను ఇవ్వను, ఒక సన్నివేశం ఇస్తాను. సంక్రాంతికి మా ఇంటికొచ్చిన ఆరేళ్ళ పాప ‘హను-మాన్’ ఎలా ఉందంటే నోటితో చెప్పలేదు. సోఫా మీదికెక్కి, పిడికిలి బిగించి, సినిమాలో రవితేజ గొంతుతో మాట్లాడే కోతి ‘కోటి’లా మూతి ముడిచి, అక్కడి నుంచి దూకింది. దూకాక అందరి ముఖాలూ చూసి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దూకింది. పక్క వాటావాళ్ళు ఆ సాయంత్రమే టికెట్లు తీసుకున్నారు. ఏ పావు మార్కూ చేయలేని పని అది.

అడిగేవాళ్ళు ఎవరో కూడా మనసులో పెట్టుకోవాలి. నలుగురున్న ఇల్లు మల్టీప్లెక్స్‌కు వెళ్తే టికెట్లకే వెయ్యి దాటుతుంది. పాప్‌కార్న్, ఆటో ఖర్చు వేరు. నెలకు ఒక్క సినిమా చూసే కుటుంబానికి అది పెద్ద నిర్ణయం. వాళ్ళు మనల్ని అడుగుతున్నారంటే మన రుచిని, మన నిజాయితీని నమ్మి అడుగుతున్నారు. నచ్చకపోతే నచ్చలేదనే చెప్పాలి, ఎక్కడ నచ్చలేదో చెప్పాలి. ‘నాకు పోరాటాలు ఎక్కువైనట్టు అనిపించింది, మీ పిల్లలకు అవే నచ్చొచ్చు’ అంటే వాళ్ళకు దారి దొరుకుతుంది. ‘డిజాస్టర్’ అని ఒక్క మాట విసిరేస్తే దొరికేది మన కోపం మాత్రమే.

‘హను-మాన్’కు కొనసాగింపుగా ‘జై హనుమాన్’ రావాల్సి ఉంది, మార్వెల్, డీసీ సినిమాలు ఎలాగూ వస్తూనే ఉంటాయి. మొదటి ఆటకు వెళ్ళేవాళ్ళలో మనమూ చాలామందిమి ఉంటాం. ముందు చూసినందుకు మనకు దక్కే అసలు లాభం ఏమిటంటే, ఎవరూ ఏమీ చెప్పకముందే, ఏం జరుగుతుందో తెలియకుండా చూడటం. అది డబ్బు పెట్టినా తర్వాత దొరకదు. ఆదివారం ఫస్ట్ షోకు పిల్లలతో వచ్చే కుటుంబానికి కూడా అదే లాభం దక్కాలంటే అది మన నోట్లోనే ఉంది. వెళ్ళమనో వద్దనో ధైర్యంగా చెబుదాం, ఎందుకో మన మనసుకు తగిలింది తగిలినట్టు చెబుదాం, కథను మాత్రం వాళ్ళకే వదిలేద్దాం.