చేతిలో ఉన్న ఆ అర నిమిషం

1992లో కెనడా శాస్త్రవేత్తలు ఫెర్గూసన్, టఫ్ట్స్ ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. రెయిన్‌బో ట్రౌట్ చేపల్ని నీళ్లలోనే అలిసిపోయేదాకా తరిమారు. గాలానికి చిక్కిన చేప ఎంత పెనుగులాడుతుందో దాదాపు అంత. ఆ తర్వాత కొన్నిటిని అలాగే నీళ్లలో ఉండనిచ్చారు. కొన్నిటిని అర నిమిషం, మరికొన్నిటిని నిమిషం పాటు గాలిలో ఉంచి మళ్లీ నీళ్లలో వేశారు. పన్నెండు గంటలు గడిచేసరికి, నీళ్లు వదలని వాటిలో నూటికి 12 చచ్చాయి. అర నిమిషం గాలి తగిలిన వాటిలో 38. నిమిషం తగిలిన వాటిలో 72.

ట్రౌట్ సాల్మన్ కుటుంబంలోని చేపే. పెద్ద సాల్మన్‌ను గాలంతో పట్టి, గుండెలకు హత్తుకుని ఫొటో దిగి, దయగా నీళ్లలోకి వదిలేశామని సంబరపడే వేటగాళ్లకు ఈ అంకెలు చెంపపెట్టు అయ్యాయి. వదిలిన చేప తోక ఊపుకుంటూ వెళ్లిపోతుంది. అది ఎక్కడో మడుగులో వెల్లకిలా తేలడం వదిలినవాడి కంట పడదు.

కర్నూలు, కడపల్లో సాల్మన్ లేదు, రాదు కూడా. అయినా ఈ సంగతి ఇక్కడ ఎత్తుకోవడానికి కారణముంది. ఒకప్పుడు గాలం అంటే వెదురుకర్ర, బెండు, వానపాము. ఇప్పుడు రీలు, ఫైబర్ రాడ్డు, రంగురంగుల రబ్బరు చేపలు ఆన్‌లైన్‌లో ఇంటికే వస్తున్నాయి. సుంకేసుల దగ్గర తుంగభద్రలోనో, మైలవరం జలాశయంలోనో గాలమేసి, వీడియో తీసి, చేపను తిరిగి నీళ్లలోకి వదిలే కుర్రాళ్లు కనిపిస్తున్నారు. ఒడ్డున గొర్రెలు తోలుకుపోయే పెద్దాయన ఆగి చూస్తాడు. “వదిలేదానికి పట్టేదెందుకబ్బా?” అంటాడు. న్యాయమైన ప్రశ్న. స్విట్జర్లాండ్ ఇదే ప్రశ్న వేసుకుని, వదిలేద్దామన్న ఉద్దేశంతోనే చేపను పట్టడాన్ని 2009 నుంచి నిషేధించింది. తిననప్పుడు దాన్ని హింసపెట్టడమెందుకన్నది వాళ్ల వాదన.

ఈ శీర్షిక రాసేవాడు అంత దూరం పోడు. సరదాకి గాలమేసేవాడు ఎలాగూ వేస్తాడు. వదిలితే చేప బతికేలా వదలాలి, లేదంటే ఇంటికి తీసుకుపోయి పులుసు పెట్టుకోవాలి. రెండూ కాని మూడో దారి, అంటే చచ్చే చేపను నీళ్లలోకి సాగనంపి పుణ్యం మూటగట్టుకున్నామనుకోవడం, అన్నిటికన్నా చెడ్డది.

రాయలసీమలో చేప ఓర్పు గురించి ఒక పొరపాటు అభిప్రాయం పాతుకుపోయింది. దానికి కొరమీనే కారణం. సంతలో బుట్టలోంచి తీసి నేలమీద వేసినా గంటసేపు కొట్టుకుంటూనే ఉంటుంది. మార్పు చేప ఇంకా మొండిది, తడి తగిలితే చాలు. ఈ రెంటికీ మొప్పలు కాక, నేరుగా గాలి పీల్చే ఏర్పాటు తలలోనే ఉంది. ఎండిపోయే చెరువుల్లో, బురదగుంటల్లో బతకడానికి ప్రకృతి ఇచ్చిన వరమది. వాటిని చూసి చూసి, చేపలన్నీ అంతేననుకుంటారు. బొచ్చెకు, శీలావతికి ఆ వసతి లేదు. నీళ్లలో వాటి మొప్పల్లోని ఎర్రటి పోగులు విడివిడిగా విచ్చుకుని ఉంటాయి. పైకి తీయగానే ఒకదానికొకటి అతుక్కుపోతాయి. చుట్టూ బోలెడు గాలి ఉన్నా అందులోంచి ప్రాణవాయువును తగినంత అందుకోలేవు. అప్పటికే పెనుగులాటతో కండల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయి ఉంటుంది. పరుగెత్తి పరుగెత్తి వచ్చినవాడి ముక్కూ నోరూ మూసి ఫొటోకు నవ్వమంటే ఎలా ఉంటుందో, దాని పరిస్థితి అదే.

అమెరికాలో దీన్ని చట్టంలోకే ఎక్కించిన రాష్ట్రముంది. సియాటెల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో, నదుల్లో ఉంచుకోవడానికి వీల్లేని సాల్మన్ గాలానికి పడితే దాన్ని పూర్తిగా నీటిపైకి ఎత్తడమే నేరం. కొక్కెం నీళ్లలోనే తీయాలి. ఏ చేపను ఉంచుకోవచ్చో తెలియడానికి ఒక గుర్తు పెట్టారు. హేచరీలో పెంచిన పిల్లలకు తోకకు ముందు వీపు మీదుండే చిన్న కండరెక్కను కత్తిరించి వదులుతారు. చాలాచోట్ల ఆ రెక్క ఉంటే అడవి చేప, దాన్ని వదలాలి. లేకపోతే పెంపుడు చేప, దాన్ని ఉంచుకోవచ్చు. సియాటెల్ దగ్గర ఇసాక్వాలో 1930ల నాటి సాల్మన్ హేచరీ ఉంది. సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఎదురీది వచ్చే సాల్మన్‌ను చూడటానికి శరత్కాలంలో జనం పోటెత్తుతారు. ఆ చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ కొలువుల్లో ఉన్న మనవాళ్లకు ఇది దగ్గరి వింతే.

ఎదురీత మన ఏళ్లలోనూ ఉంది. కాకపోతే హేచరీ గేటు దగ్గర నిలబడి చూసేవాళ్లు లేరు. బొచ్చె, శీలావతి నిలవనీటిలో గుడ్లు పెట్టవు. వాటికి పారే కొత్తనీరు కావాలి. తుంగభద్రకు వరద తగలగానే గుడ్లతో బరువెక్కిన చేపలు ఎగువకు ఎక్కుతాయి. సుంకేసుల దగ్గర అడ్డం పడుతుంది. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ కర్నూలు-కడప కాలువను తవ్వించినప్పుడు అక్కడ ఆనకట్ట కట్టింది, ఇప్పుడు దాని స్థానంలో బ్యారేజీ ఉంది. గోడ కింద చేప గుమిగూడుతుంది, గాలమో వలో వేసినవాడికి పండగే. కిలో బరువుకు లక్షకు పైగా గుడ్లు పెట్టే జాతి ఇది. పది కిలోల తల్లి బొచ్చెను అక్కడ పట్టి చంపితే పోయేది ఒక్క చేప కాదు. చేపను ఎగువకు పోనిచ్చే ఆనకట్టలు కట్టలేదు సరే, కనీసం పడిన తల్లినైనా వదలొచ్చు.

కృష్ణా పరీవాహకానికి సొంతమైన రాచచేప ఒకటుంది, దక్కన్ మహశీర్. తుంగభద్రకు పుట్టిల్లయిన తుంగ నది ఒడ్డున, శృంగేరి మఠం మెట్ల దగ్గర జనం బొరుగులు వేస్తే నోళ్లు తెరుచుకుని వచ్చేవి ఈ మహశీర్లే. అక్కడ వాటిని ఎవరూ పట్టరు. కావేరిలో మాత్రం వీటి దాయాది పెద్ద మూపు మహశీర్ కోసం దొరల కాలం నుంచి వేట సాగింది. 1946లో మైసూరుకు చెందిన వాన్ ఇంజెన్ పట్టిన 120 పౌండ్ల చేపదే ఇప్పటికీ రికార్డు. అంటే 54 కిలోలు. తర్వాతి కాలంలో బెంగళూరులోని వన్యప్రాణి సంఘం పట్టి వదిలే పద్ధతిని తప్పనిసరి చేసి కావేరి మడుగుల్ని కాపాడింది. కావేరి ఒడ్డున గాలం శిబిరాల్లో రాసిపెట్టిన చిట్టాల వల్లే తర్వాత ఒక చేదు నిజం బయటపడింది. టాటాల లోనావాలా హేచరీలో పొదిగిన దక్కన్ మహశీర్ పిల్లల్ని కావేరిలో వదిలారు. అవి పెరిగాయి, ఆ నది సొంత చేప తరిగిపోయింది. అసలు చేపకు 2018లో గానీ సరైన శాస్త్రీయ నామం స్థిరపడలేదు. ఆ ఏడాదే అది అంతరించే అంచున ఉన్న జాతుల జాబితాలోకి చేరింది. మంచి మనసుతో వదలడం కూడా ఒక్కోసారి ఇంత పని చేస్తుంది. అందుకే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ గాలానికి పడితే జాలి అక్కర్లేదు. దేశం 2000లోనే నిషేధించిన చేప అది. తిరిగి నీళ్లలో వేయొద్దు.

కావేరిలోనే దక్కన్ మహశీర్ మీద చేసి 2016లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. చాలా చేపలకు కొక్కెం నోటిలోనే దిగింది, పెద్ద గాయాలు తక్కువ. అయితే పోరాటం ఎంత సాగితే రక్తంలో ఆమ్లం అంత పెరిగింది, గాలిలో ఎంతసేపు ఉంచితే తిన్నగా నిలవడం దానికి అంత కష్టమైంది. ట్రౌట్ అంకెల్ని తెచ్చి మన చేపకు అతికించకూడదు, ఒక్కో జాతి తట్టుకునే తీరు వేరు. కానీ దెబ్బ తగిలే దారి అదే.

కాబట్టి పనితనమంతా తొందరలో ఉంది. సన్నదారంతో పెద్దచేపను అరగంట ఆడించడం వీరత్వం కాదు, గట్టి దారం వాడి త్వరగా ఒడ్డుకు తేవాలి. కొక్కేనికి వెనక్కి తిరిగి ఉండే ముల్లును పట్టకారుతో నొక్కేస్తే గాలం సులువుగా ఊడుతుంది. చేప తప్పించుకుంటుందని భయపడేవాడు దారాన్ని బిగువుగా పట్టడం నేర్చుకోవాలి. చేతులు ముందే తడపాలి. పొడిచేతులతోనో తువ్వాలుతోనో పట్టుకుంటే ఒంటిమీది జిగురు పొర ఊడిపోతుంది. దాని ఒంటికి కవచం అదే, అది పోయిన చోట బూజు పడుతుంది. వలసంచి ముడులు లేని రబ్బరుదైతే మేలు. మొప్పల్లో వేళ్లు పెట్టి ఎత్తడం, దవడకు కొక్కెం తగిలించి నిలువునా తూకం వేయడం బరువైన చేపకు వెన్నుకీ కండకీ చేటు. ఒక చెయ్యి తోక మొదట్లో, ఇంకొకటి ఛాతీ కింద పెట్టి అడ్డంగా పట్టుకోవాలి. కొక్కెం గొంతులో లోతుకు దిగితే లాగొద్దు, దారం కోసి వదిలేయాలి. ఫొటో తీసేవాడు ముందే సిద్ధంగా ఉండాలి. చేపను పైకి ఎత్తేటప్పుడు మీరూ ఊపిరి బిగబట్టండి. మీకు ఊపిరి ఆడనప్పుడు దానికీ చాలైనట్టే.

వదలడంలోనూ ఒక ఒడుపుంది. విసిరేయకూడదు. తలను పారే నీటికి ఎదురుగా పెట్టి, తనంతట తాను తోక విదిలించేదాకా పట్టి ఉంచాలి. ముందుకీ వెనక్కీ ఊపడం చాలామంది చేసే తప్పు. వెనక్కి లాగినప్పుడు మొప్పల్లోకి నీరు తిరగబడుతుంది.

ఇవన్నీ చేసినా మే నెలలో ఫలితం ఉండదు. 15 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 10 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి ఉంచుతుంది. 30 డిగ్రీలకు వచ్చేసరికి అది ఏడున్నరకు పడిపోతుంది. చేపకేమో వేడిలో ఎక్కువ కావాలి. ఎండల్లో పెన్న ఇసుక మీద మన కాలే నిలవదు, అటువంటి నేలమీద చేపను పడుకోబెట్టి టేపుతో కొలిచేవాళ్లను ఏమనాలి? వేసవిలో ఏరు మడుగులుగా తెగిపోతుంది, ఉన్న చేపంతా ఆ నాలుగు మడుగుల్లోనే తలదాచుకుంటుంది. అక్కడ గాలం వేయకపోవడమే మర్యాద.

ఇదంతా సరదా వేటగాళ్లకు. వల మీద బతికే బెస్తలకు, లైసెన్సు కట్టి చేప పట్టే సహకార సంఘాలకు ఈ పాఠం చెప్పబోవడం పొగరు. వాళ్ల జలాశయంలో గాలం వేసే ముందు వాళ్లను అడగాలి, శ్రీశైలం పులుల అభయారణ్యం హద్దుల్లోకి అనుమతి లేకుండా పోకూడదు. నీళ్లలో నాటుబాంబు వేసి చేపలు తేల్చడం 1897 చట్టం నాటి నుంచీ నేరమే. సీమలో ఆ మాట ఇంకోసారి చెప్పడం తప్పు కాదు.

ఈ ఏడు సుంకేసులకు కొత్తనీరు తగిలినప్పుడు, గుడ్లతో పొట్ట ఉబ్బిన బొచ్చె గాలానికి పడితే ఫోను జేబులోంచి తీయకండి. మోకాలి లోతు నీళ్లలో నిలబడి అక్కడే కొక్కెం తీసి పంపండి.