కూలర్ కన్నా ముందు గేజీ

నాగల్‌గిద్ద రోడ్ల మీద స్పోర్ట్స్ కారు కనిపించడం అరుదు. ఆయిల్ కూలర్ అన్న మాట మాత్రం అక్కడ ఎవరికీ కొత్త కాదు. కోతల కాలంలో హార్వెస్టర్ తోలే డ్రైవరుకు, మట్టి ఎత్తే జేసీబీ ఆపరేటరుకు అది రోజూ కళ్లముందుండే వస్తువే. రేడియేటర్‌ను ఆనుకుని నిలబడి ఉండే అల్యూమినియం జాలీ అది. కందిపొట్టూ దూదిపీచూ దుమ్మూ దాని రెక్కల మధ్య పేరుకుంటే హైడ్రాలిక్ ఆయిల్ వేడెక్కి పలచబడుతుంది, బకెట్ లేపడానికి యంత్రం మొరాయిస్తుంది. "జాలీ జామ్ అయింది, హవా కొట్టాలె" అంటాడు మెకానిక్. కంప్రెసర్ పైపును వెనక వైపు నుంచి పెట్టి, గాలి ఏ దారిన లోపలికి వస్తుందో ఆ దారినే చెత్తను బయటికి తోస్తాడు. ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగుతుందని అతనికి ఎవరూ పుస్తకం తెరిచి చెప్పలేదు.

2016లో మండల కేంద్రమైన ఈ ఊరు కర్ణాటక సరిహద్దును ఒరుసుకుని ఉంటుంది. ఇదే సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాద్‌లో 1980లలో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జపాన్ నిస్సాన్‌తో కలిసి తేలికపాటి ట్రక్కులు తయారుచేసింది. ఆ కర్మాగారం తర్వాత మహీంద్రా చేతికి వచ్చింది. 2013లో అక్కడే మహీంద్రా ట్రాక్టర్ల ప్లాంటూ మొదలైంది. యంత్రం, వేడి, ఆయిల్ అన్నవి ఈ నేలకు పరిచయమైన సంగతులే. అందుకే హైదరాబాద్‌లో వేగంగా పోయే కారు కొని, దానికి బయట దొరికే ఆయిల్ కూలర్ బిగించాలని ఉబలాటపడే కుర్రాళ్లకు నా సలహా ఒకటే: ముందు ఒకసారి ఇదే ప్రాంతంలోని నారాయణఖేడ్ వైపు వచ్చి హార్వెస్టర్ మెకానిక్‌తో మాట్లాడండి. అతనికి తెలిసినవాటిలో సగం మీకు పనికొస్తాయి. పనికిరాని సగం ఏదో కూడా తెలుసుకోవాలి. ఆ సంగతి పైపుల దగ్గర చెప్తాను.

ఇంజన్ ఆయిల్ పని జారుడుతనం ఇవ్వడం ఒక్కటే కాదు, వేడి మోయడం కూడా. రేడియేటర్ నీళ్లు సిలిండర్ గోడల చుట్టూ, హెడ్ చుట్టూ తిరుగుతాయి. క్రాంక్‌షాఫ్ట్ బేరింగుల దగ్గరికీ, పిస్టన్ అడుగుకూ అవి చేరలేవు. అక్కడికి వెళ్లేది ఆయిలే. టర్బో ఉన్న కారులో ఎర్రగా కాలే టర్బో మధ్యలోంచి కూడా ఆయిల్ ప్రవహిస్తుంది. మజ్దా ఆర్‌ఎక్స్-7 లాంటి రోటరీ ఇంజన్లలో తిరిగే రోటార్లను లోపలి నుంచి చల్లార్చేది ఆయిలే. పోర్షా 911కు 1990ల చివరి దాకా రేడియేటరే లేదు. గాలి, ఆయిల్ ఈ రెంటితోనే ఆ ఇంజన్ బతికింది. శక్తి పెరిగినకొద్దీ వెనకున్న ఇంజన్ నుంచి పైపులు ముందుకు లాగి, కుడి మడ్‌గార్డు లోపల కూలర్ పెట్టారు. మన దగ్గర ఆయిల్ కూలర్ అన్న మాట కార్ల కన్నా బైకుల ద్వారానే ఎక్కువమందికి తెలిసింది. 2007 పల్సర్ 220, 2016 రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ కంపెనీ నుంచే ఆయిల్ కూలర్‌తో వచ్చాయి.

వేడెక్కితే ఏమవుతుంది? ఆయిల్ పలచబడుతుంది. 5డబ్ల్యూ-30 అని డబ్బా మీద ఉన్న ఆయిల్‌కు 100 డిగ్రీల దగ్గర ఎంత చిక్కదనం ఉండాలో ఎస్‌ఏఈ ప్రమాణం నిర్ణయించింది: 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ మధ్య. అంటే 100 డిగ్రీలు ఆయిల్‌కు జ్వరం కాదు, దాని మామూలు ఒంటి వేడి. 90 నుంచి 110 మధ్య ఉంటే హాయిగా ఉన్నట్టే. ట్రాక్ మీద కాసేపు 120 చూపించినా మంచి సింథటిక్ ఆయిల్ తట్టుకుంటుంది. 130 దాటి అక్కడే నిలబడితే బేరింగు మీద ఉండాల్సిన పొర సన్నబడుతుంది, ఆయిల్ ఆయుష్షు వేగంగా కరిగిపోతుంది. రెండో వైపు ప్రమాదం గురించి ఎవరూ మాట్లాడరు. ఆయిల్ మరీ చల్లగా, 70 దగ్గరే ఉండిపోతే, పెట్రోలు మండినప్పుడు పుట్టి కిందికి దిగిన తేమ, మండని పెట్రోలు ఆవిరైపోవు. అవి ఆయిల్లోనే కలిసి ఉండి దాన్ని చెడగొడతాయి. అక్కర్లేని కారుకు పెద్ద కూలర్ తగిలించినవాడు డబ్బు పెట్టి ఈ రోగం కొనుక్కున్నట్టే.

కాబట్టి మొదట కొనాల్సింది కూలర్ కాదు, ఆయిల్ టెంపరేచర్ గేజీ. డాష్‌బోర్డులో కనిపించేది నీళ్ల వేడి. అది 90 దగ్గర బుద్ధిగా నిలబడి ఉండగానే ఆయిల్ 130కి చేరగలదు. కొన్ని కార్లలో ఓబీడీ సాకెట్‌కు రీడర్ తగిలిస్తే ఆయిల్ వేడి కూడా తెలుస్తుంది, లేనివాటికి సెన్సర్ పెట్టించాలి. పెట్టించి మే నెలలో నారాయణఖేడ్ నుంచి బీదర్ దాకా, ఏసీ వేసుకుని, మీ మామూలు వేగంతో నడిపి చూడండి. 110 దాటకపోతే ఈ వ్యాసం మీకు కాలక్షేపం. నా అంచనాలో రోడ్డు మీదే తిరిగే కార్లలో అత్యధిక భాగానికి కూలర్ అవసరం లేదు. ఎండ ఎంత మండినా గాలి వేడి నలభై అయిదుకు కాస్త అటూ ఇటూ. ఆయిల్‌ను మరిగించేది ఎండ కాదు, ఆగకుండా పూర్తిగా తొక్కిన యాక్సిలరేటర్. అలా తొక్కే చోటు చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరు కారి మోటార్ స్పీడ్‌వే, గ్రేటర్ నోయిడాలోని బుద్ధ సర్క్యూట్ లాంటి ట్రాకులు. టొయోటా జీటీ86 లాంటి మంచి కారు కూడా ట్రాక్ మీద కొన్ని రౌండ్లు గట్టిగా తిప్పితే 120 దాటుతుంది. 2007 ప్రాంతంలో వచ్చిన బీఎండబ్ల్యూ 335ఐ తొలి కార్లు కొన్నింటికి కూలర్ లేదు. ఆయిల్ హద్దు దాటగానే ఇంజన్ తనంతట తానే బలం తగ్గించేసుకునేది. తర్వాత కంపెనీయే కూలర్ పెట్టింది.

  

గేజీ చూశాక కూడా కూలర్ కావాలనిపిస్తే, ఎంపికలో తప్పు చేయకూడని భాగం జాలీ కాదు, థర్మోస్టాట్. ఆయిల్ ఫిల్టర్‌కూ ఇంజన్‌కూ మధ్య బిగించే అడాప్టర్‌ను శాండ్‌విచ్ ప్లేటు అంటారు. అందులోనే థర్మోస్టాట్ ఉన్న రకం అడిగి తీసుకోండి. ఆయిల్ సుమారు 80 డిగ్రీలకు చేరేదాకా అది కూలర్ దారిని దాదాపు మూసి ఉంచుతుంది. పూర్తిగా మూయదు, కొద్దిగా ఆయిల్‌ను వదులుతూనే ఉంటుంది. కూలర్‌లో గాలి నిలవకుండా, తీరా తెరుచుకున్నప్పుడు చల్లటి ఆయిల్ ఒక్కసారిగా ఇంజన్ మీద పడకుండా ఉండటానికి ఆ ఏర్పాటు. థర్మోస్టాట్ లేని ప్లేటు చవక. ట్రాక్‌కే అంకితమైన కారుకైతే సరే గానీ, పొద్దున ఆఫీసుకు పోయే కారుకు అది పెట్టడం నాకైతే అన్యాయమనిపిస్తుంది. ప్లేటు కొనేముందు ఫిల్టర్ మరను కొలిపించండి. 3/4 అంగుళం, 16 మరల రకం ఒకటి, ఎం20 x 1.5 రకం ఇంకొకటి. చూపుకు రెండూ ఒకటే అనిపిస్తాయి, బలవంతంగా తిప్పితే ఇంజన్ బ్లాకు మర పోతుంది. డబ్బా ఫిల్టర్ కాకుండా లోపల కాగితపు ఫిల్టర్ వేసే ఇంజన్లకు ఆ మోడల్ కోసమే చేసిన అడాప్టర్ వెతకాలి. ప్లేటు మందం మేరకు ఫిల్టర్ కిందికి దిగుతుంది. మన స్పీడ్ బ్రేకర్లను తలుచుకుని ఆ ఎత్తు ముందే చూసుకోండి.

జాలీల్లో రెండు రకాలు. గొట్టానికి రెక్కలు అతికించినది పాత పద్ధతి, గట్టిది, చవక. పలకలు దొంతరగా పేర్చి మధ్యలో రెక్కలు పెట్టినది మెరుగైనది. అంత చోటులోనే ఎక్కువ వేడి వదులుతుంది, ఆయిల్ ఒత్తిడినీ తక్కువ తింటుంది. వీటిని వరుసల లెక్కన అమ్ముతారు: 10, 13, 16, 19, 25, 34. రోడ్డు మీద తిరుగుతూ అప్పుడప్పుడూ ట్రాక్‌కు వెళ్లే కారుకు 13 నుంచి 19 మధ్య చాలా సందర్భాల్లో సరిపోతుంది. పెద్దది కొంటే మంచిదేగా అనుకునేవాళ్లు బంపర్ లోపల చోటు కొలిచాక మనసు మార్చుకుంటారు. ఫిల్టర్ దగ్గరే నీళ్లతో ఆయిల్‌ను చల్లార్చే చిన్న ఎక్స్‌చేంజర్ కంపెనీ పెట్టి ఉంటే దాన్ని పీకకండి. పొద్దున ఆయిల్‌ను త్వరగా వేడి చేసేది కూడా అదే. ఆయిల్‌ను చల్లార్చేది గాలీ నీళ్లే కానక్కర్లేదు. బీదర్ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ నుంచి లేచి మన పొలాల మీదుగా పోయేవాటి లాంటి జెట్ ఇంజన్లలో ఆ పని చాలావరకు ఇంధనమే చేస్తుంది.

ఎక్కడ బిగించాలి? ఏసీ కండెన్సర్ ముందు బిగించడం తేలిక. గాలి బాగా తగులుతుంది. కానీ కూలర్‌ను దాటి వెళ్లే వేడిగాలే ఏసీకీ రేడియేటర్‌కూ అందుతుంది. తెలంగాణ ఎండాకాలంలో ఏసీని బలహీనపరిచే మార్పును ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు. బంపర్ మూలన, చక్రం ముందున్న ఖాళీలో పెట్టి, ముందు నుంచి గాలి తెచ్చే డక్టు కట్టడం నాకు నచ్చిన పద్ధతి. వచ్చిన గాలి పోవడానికి వెనక దారి ఉండాలి. చక్రం లైనర్‌కు కిటికీ కోయకపోతే గాలి జాలీ ముందే నిలబడిపోతుంది. ఈ సంగతి మాత్రం చాలామంది మరిచిపోతారు. రాళ్ల దెబ్బ తగలకుండా ముందు మెష్ పెట్టండి. పైపుల మూతులు పైకి గానీ పక్కకు గానీ ఉండాలి. కిందికి ఉంటే పై వరుసల్లో గాలి చిక్కుకుని ఆ భాగం ఉత్తదవుతుంది. రబ్బరు బుష్‌ల మీద కూర్చోబెట్టాలి, బాడీకి నేరుగా బిగిస్తే కుదుపులకు మూలలు పగులుతాయి. ఏ పైపు లోపలికి, ఏది బయటికి అని కొందరు తలలు బద్దలు కొట్టుకుంటారు. ఎక్కువ కూలర్లకు ఎటైనా ఒకటే.

ఇక పైపులు. మన ఊళ్లలో ట్రాక్టర్‌కూ జేసీబీకీ హైడ్రాలిక్ పైపు పగిలితే దుకాణంలో కొలత ఇచ్చి, నిమిషాల్లో ప్రెస్ చేయించుకు వస్తాం. 150 బార్ల ఒత్తిడి తట్టుకునే ఆ పైపు కారు ఆయిల్‌కు ఎందుకు చాలదు అనిపించడం సహజం, ఎందుకంటే కారు ఆయిల్ ఒత్తిడి నాలుగైదు బార్లకు మించి పెద్దగా పోదు. కానీ ఇక్కడ పరీక్ష ఒత్తిడిది కాదు, వేడిది. దుకాణాల్లో మామూలుగా దొరికే ఎస్‌ఏఈ 100ఆర్2 రకం పైపు రేటింగు 100 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. మీరు కూలర్ పెడుతున్నదే ఆయిల్ 120 చేరుతోందని! రోజులు గడిచేకొద్దీ లోపలి రబ్బరు బిరుసెక్కి పగుళ్లిస్తుంది. హార్వెస్టర్ మెకానిక్ అనుభవంలో మీకు పనికిరాని భాగం ఇదే. అతని ఆయిల్ అంత వేడెక్కదు. ఎక్కువ వేడి తట్టుకునే పైపు కావాలని అడిగి, దాని మీద అచ్చు వేసిన రేటింగు చదివి కొనండి. లేదా స్పోర్ట్స్ కార్లకు వాడే ఏఎన్-10 రకం తీసుకోండి. లోపలి వ్యాసం సుమారు 14 మిల్లీమీటర్లు. ఏఎన్ అంటే అమెరికా ఆర్మీ, నేవీ. విమానాల కోసం వాళ్లు స్థిరపరిచిన 37 డిగ్రీల వాలు ఫిట్టింగులే ఈనాటి పందెం కార్లలోనూ ఉన్నాయి.

పైపు కోసేచోట టేపు చుట్టి సన్నపళ్ల హాక్సా బ్లేడుతో కోయాలి. కోశాక లోపల కడిగి, గాలి కొట్టి, వెలుతురుకు పట్టి చూడాలి. పైపు మీద అల్లిన ఉక్కు పోగు ఒక్కటి లోపల మిగిలినా అది తిన్నగా బేరింగుకే చేరవచ్చు. ఫిట్టింగు మరలకు చుక్క ఆయిల్ రాస్తే చాలు. టెఫ్లాన్ టేపు వద్దు, దాని తునకలు కూడా ఆయిల్లోకే పోతాయి. కూలర్ మూతి దగ్గర బిగించేటప్పుడు రెండు పానాలు పట్టండి, ఒకటి మూతిని కదలకుండా ఆపడానికి, ఇంకొకటి నట్టు తిప్పడానికి. ఒక్క పానాతో గట్టిగా లాగితే అల్యూమినియం మూతి మెలితిరిగి జాలీ మొత్తం పాడవుతుంది. పైపు సైలెన్సర్‌కు, బెల్టుకు, చక్రానికి దూరంగా ఉండాలి. ఇంజన్ తన మౌంట్ల మీద ఊగుతుంది కాబట్టి కొంచెం వదులూ కావాలి. పాత ఫిల్టర్ విప్పినప్పుడు దాని గ్యాస్కెట్ ఇంజన్‌కే అతుక్కుని ఉందేమో వేలితో తడిమి చూడండి. దాని మీదే కొత్త ప్లేటు బిగిస్తే స్టార్ట్ చేసిన కాసేపటికే ఆయిల్ నేల మీద ఉంటుంది.

స్టార్ట్ చేసే ముందు కూలర్‌లో, కొత్త ఫిల్టర్‌లో ఆయిల్ పోయండి. ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, ప్రెషర్ లైటు ఆరేదాకా సెల్ఫ్ తిప్పండి. తర్వాత ఫ్యూజు పెట్టి ఐడిల్‌లో ఉంచి, ప్రతి జాయింటూ టార్చితో చూడండి. బాగా వేడెక్కాక ఒక చుట్టు తిరిగి వచ్చి, ఆపి, చల్లారాక డిప్‌స్టిక్ చూస్తే మట్టం దిగి ఉంటుంది. కూలరూ పైపులూ కలిసి సుమారు అర లీటరు నుంచి లీటరు దాకా తీసుకుంటాయి. ఇక మీదట ఆయిల్ మార్చినప్పుడల్లా కూలర్‌లోని పాత ఆయిల్ కొంత మిగిలిపోతుందనీ గుర్తుంచుకోండి. పత్తి సీజన్ అయ్యాక జాలీకి వెనక నుంచి హవా కొట్టించండి. ఆ పని నారాయణఖేడ్‌లో చేయించినంత బాగా హైదరాబాద్ షోరూంలో చేస్తారని నేననుకోను.

చట్టం సంగతి ఒక్క మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనంలో మార్పులను కట్టడి చేస్తుంది. కంపెనీ నిర్ణయించిన తీరుకు భిన్నంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. బంపర్ కోయడం, చాసిస్‌కు కన్నం వేయడం లాంటి పనులకు దిగేముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి. ఇన్సూరెన్సు, వారంటీ ఇచ్చేవాళ్లనూ అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.

చివరగా, సెకండ్ హ్యాండ్ కూలర్ ఎంత చవకగా వచ్చినా కొనకండి. అది ఏ ఇంజన్ నుంచి ఊడిందో మీకు తెలియదు. బేరింగు అరిగి చచ్చిన ఇంజన్ తాలూకు లోహపు పొడి ఆ జాలీ వరుసల మధ్య దాక్కుని ఉంటుంది. ఎన్నిసార్లు పెట్రోలు పోసి కడిగినా పూర్తిగా రాదు, మీ ఇంజన్ ఆయిల్ వేడెక్కి పారడం మొదలయ్యాకే బయటికొస్తుంది. మీ ఇంజనే ఎప్పుడైనా అలా పోతే, కొత్త ఇంజన్‌తో పాటు కొత్త కూలరూ కొనాల్సిందే.