ఆ శాతం ఎక్కడి నుంచి వచ్చింది?

మెదడు-కంప్యూటర్ అనుసంధానం (బీసీఐ) అంటే కండరాల సాయం లేకుండా, మెదడులోని విద్యుత్ కదలికల నుంచే మనిషి ఉద్దేశాన్ని పట్టుకుని యంత్రానికి ఆదేశంగా అందించే ఏర్పాటు. చెయ్యీ నోరూ కదపలేని రోగి ఒక్కో అక్షరం ఎంచుకుంటూ తన మాట తాను చెప్పుకోగలగడం దీని ప్రయోజనాల్లో ముఖ్యమైనది. ఈ రంగంలో పనిచేసే విశ్వవిద్యాలయ బృందాలు తరచుగా ఒకచోట కూర్చుని, కొత్తగా వచ్చిన పేపరునో తమలో ఒకరు సాధించిన ఫలితాన్నో చర్చకు పెడతాయి. ఆ సెమినార్‌లో అసలు పని ప్రసంగం వినడం కాదు. తెర మీద కనిపించే శాతం ఎక్కడి నుంచి వచ్చిందో ఆరా తీయడం. మెషీన్ లెర్నింగ్ మోడళ్లు అందరి చేతికీ వచ్చాక తొంభై దాటిన శాతాలు తేలిగ్గా వస్తున్నాయి. అందుకే ఆ ఆరా మునుపటికంటే ఎక్కువ అవసరమైంది.

ఈ పనికి ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో మంచి నేల ఉంది. 1956లో గనులు, లోహశాస్త్రాల కళాశాలగా పుట్టి 2005లో ఎన్‌ఐటీగా మారిన సంస్థ, 2012లో మొదలైన ఎయిమ్స్ ఒకే గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు మీద ఉన్నాయి. 2015లో ఏర్పడిన ట్రిపుల్‌ఐటీ నవా రాయ్‌పూర్‌లో ఉంది. అన్నిటికంటే ముఖ్యం, ఎన్‌ఐటీ పరిశోధకులు ఈ రంగంలో తమదైన ఒక సమస్యను ఎంచుకున్నారు. మెదడు సంకేతాలతో ఇంగ్లీషు అక్షరాలు కాకుండా దేవనాగరి అక్షరాలు రాయించడం ఎలా అన్నదే ఆ సమస్య.

దాని లోతు తెలియాలంటే మొదట మూల పద్ధతి తెలియాలి. జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ 1924లో తొలిసారి మనిషి తల మీది నుంచి మెదడు విద్యుత్తును నమోదు చేశాడు. ఆ నమోదే ఈఈజీ. మెదడు-కంప్యూటర్ అనుసంధానం అన్న పేరు 1973లో కాలిఫోర్నియాలో జాక్ విడాల్ రాసిన పేపరుతో వచ్చింది. మనిషి ఎదురుచూస్తున్నది, అదీ అరుదుగా వచ్చేది, కంటబడగానే సుమారు 300 మిల్లీసెకన్లకు నడినెత్తి ప్రాంతంలో ధన దిశగా ఒక అల లేస్తుందని 1965 నుంచే తెలుసు. దాని పేరు పి300. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఫార్వెల్, డాంచిన్ 1988లో ఈ అలతో అక్షరాలు రాయించారు. తెర మీద ఆరు వరుసలు, ఆరు నిలువు పట్టీలుగా 36 గళ్లుంటాయి. వరుసలూ పట్టీలూ ఒకదాని తర్వాత ఒకటి క్రమం లేకుండా మెరుస్తాయి. రాయదలచిన అక్షరం మీదే చూపు నిలిపిన మనిషికి ఆ అక్షరమున్న వరుస, ఆ అక్షరమున్న పట్టీ మెరిసినప్పుడు మాత్రమే పి300 లేస్తుంది. ఆ రెండూ కలిసే గడే కావలసిన అక్షరం.

వినడానికి సులువే. అయితే పి300 ఎత్తు కొన్ని మైక్రోవోల్టులు. దాని చుట్టూ ఎప్పుడూ సాగే ఇతర మెదడు కదలికలు పదుల మైక్రోవోల్టులు. ఒక్క మెరుపుతో అల కనబడదు కాబట్టి మెరుపులను మళ్లీమళ్లీ చూపించి సగటు తీస్తారు. నాలుగింతలు మెరిపిస్తే గోల సగానికి తగ్గుతుంది, పదహారింతలైతే నాలుగోవంతుకు. పరిశోధకులు ఇప్పటికీ వాడే మూడో బీసీఐ పోటీ డేటాలో ఒక మెరుపుకు 175 మిల్లీసెకన్లు, ఒక్కో అక్షరానికి పదిహేను ఆవృత్తులు. పన్నెండు మెరుపులు, పదిహేను సార్లు: అక్షరానికి 31.5 సెకన్లు. అదే డేటా మీద గెలిచిన పద్ధతి పదిహేను ఆవృత్తులతో 96.5 శాతం అక్షరాలు సరిగ్గా పట్టింది. అయిదు ఆవృత్తులకు కుదిస్తే 73.5 శాతమే. వేగం కావాలంటే కచ్చితత్వం వదులుకోవాలి, కచ్చితత్వం కావాలంటే రోగిని కూర్చోబెట్టాలి. ఈ రంగంలోని సగం పేపర్లు ఈ బేరం చుట్టూనే తిరుగుతాయి.

దేవనాగరిలో బేరం ఇంకా బిగుస్తుంది. ఇంగ్లీషుకు 26 అక్షరాలు, పది అంకెలు పెడితే 36 గళ్లు చాలు. దేవనాగరికి అచ్చులు, హల్లులు, మాత్రలు, హలంతం అన్నీ చూపాలి. ఎనిమిది వరుసలు, ఎనిమిది పట్టీల పలక అనుకుంటే 64 గళ్లు. పన్నెండు మెరుపులు పదహారవుతాయి. పై లెక్కనే అక్షరానికి 42 సెకన్లు పడుతుంది. ఎన్‌ఐటీ రాయ్‌పూర్‌కు చెందిన చౌరసియా, లోంధే, ఘోష్ 2016లో ప్రచురించిన పేపరు ఈ ఇబ్బందికి ఒక దారి వెతికింది. యంత్రం రాసిన మాటలో తప్పు దొర్లితే, నిఘంటువులో దానికి అతి దగ్గరగా ఉన్న మాటను, మార్పులకు తగిన బరువులు కట్టి, వెతికి దిద్దడం. పి300 పలకలో తప్పులు ఇష్టం వచ్చినట్టు రావు. చాలావరకు కావలసిన అక్షరమున్న వరుసలోనో పట్టీలోనో పక్క గడి మీద పడతాయి. కాబట్టి తప్పుకు ఒక పోలిక ఉంటుంది, ఆ పోలికను ఉపయోగించుకోవచ్చు. తర్వాతి సంవత్సరాల్లో ఇదే సంస్థ నుంచి దేవనాగరి పలకకు డీప్ లెర్నింగ్ వాడిన పేపర్లూ వచ్చాయి.

తెలుగువారికి ఈ సమస్య పరాయిది కాదు. లక్ష్మి అన్న మాటను కంప్యూటర్ ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు గుర్తులుగా దాచుకుంటుంది. ఇంగ్లీషులో రాసినా ఏడే. ఎంపికల సంఖ్య సమానమే కానీ పలక పెద్దది, ప్రతి ఎంపికకూ పట్టే సమయం ఎక్కువ. పైగా ఒత్తు కోసం రోగి మనసులో పొల్లును విడిగా తలచుకోవాలి. తెలుగు చదివిన ఎవరూ ఒత్తును అలా తలచరు. తెలుగు పలక చేయాలనుకునేవారు దేవనాగరి పలకను ఎత్తి తెచ్చి అక్షరాలు మార్చితే సరిపోదు. మొదట హల్లు, ఆ తర్వాత దాని గుణింతం, ఆపైన ఒత్తు, ఇలా రెండు మూడు అంచెల్లో చిన్న పలకలు చూపడం మేలా, ఒక్క పెద్ద పలకే మేలా అన్నది కాగితం మీద తేలదు, మనుషుల మీద పరీక్షించాలి. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు ఇతర రాష్ట్రాల విద్యార్థులకు పోతాయి. రాయ్‌పూర్‌లో చదివే తెలుగు విద్యార్థి ఎత్తుకోదగిన పని ఇది.

మోడల్ కంటే ముందు డేటా. సెమినార్‌లో దీనికి తగినంత సమయం ఇవ్వని బృందాలు తర్వాత నష్టపోతాయి. తలకు నూనె రాసుకుని వస్తే ఎలక్ట్రోడ్‌కు, చర్మానికి మధ్య సంబంధం కుదరదు. అందుకే ముందురోజు తలస్నానం చేసి నూనె పెట్టకుండా రమ్మంటారు. గోడల్లోని కరెంటు తీగల నుంచి 50 హెర్ట్జ్ గోల సంకేతంలోకి వస్తుంది. రెప్పపాటు ఒక్కటి మెదడు అలకంటే ఎన్నో రెట్లు పెద్ద గీత గీస్తుంది. రాయ్‌పూర్ మే నెల ఎండలో గది చల్లగా లేకపోతే నెత్తిన చెమట పట్టి ఎలక్ట్రోడ్ కింద వోల్టేజీ నెమ్మదిగా జారుతూ పోతుంది. రికార్డింగ్ సాగేకొద్దీ జెల్ ఆరుతుంది, మనిషికి కునుకు వస్తుంది. ఈ నెమ్మది మార్పులు విడివిడిగా చూస్తే చిన్నవే. వీటిని ఎవరూ పట్టించుకోకపోతే ఏం జరుగుతుందో తర్వాత తెలుస్తుంది.

మోడళ్ల విషయం త్వరగా చెప్పుకోవచ్చు. మొదట సరళమైన రేఖీయ వర్గీకరణలు వచ్చాయి, ఆ తర్వాత సపోర్ట్ వెక్టర్ మెషీన్లు, ఆ తర్వాత న్యూరల్ నెట్‌వర్క్‌లు. 2018లో వచ్చిన ఈఈజీనెట్ కొన్ని వేల పరామితులతో సరిపెట్టుకునే చిన్న నెట్‌వర్క్. ఆ పొదుపు కావాలనే చేసినది. భాషా మోడళ్లకు అందే కోట్ల పుటల వంటి డేటా ఇక్కడ లేదు. పైన చెప్పిన పోటీ డేటాలో ఒక మనిషికి శిక్షణ కోసం ఉన్నవి 85 అక్షరాలు, అంటే 15,300 మెరుపులు. వాటిలో పి300 ఉండవలసినవి 2,550. చేతి కదలికను ఊహించుకునే పద్ధతికి అందరూ వాడే 2008 నాటి నాలుగో పోటీ డేటాలో ఉన్నది తొమ్మిదిమంది మనుషులే. ప్రపంచవ్యాప్తంగా వందలాది పేపర్లు ఆ తొమ్మిది తలల మీదే ఆధారపడ్డాయన్నది మరచిపోకూడని సంగతి.

ఇక శాతాలు. పి300 పలకలో పన్నెండు మెరుపుల్లో రెండే లక్ష్యాలు. ప్రతి మెరుపుకూ ‘పి300 లేదు’ అని కళ్లు మూసుకుని చెప్పే మోడల్ 83.3 శాతం సరిగ్గా చెప్పినట్టు లెక్క వస్తుంది. 64 గళ్ల పలకలో పదహారింట రెండే లక్ష్యాలు కాబట్టి అదే పనికిరాని మోడల్‌కు 87.5 శాతం వస్తుంది. పలక పెద్దదై పని కష్టమైనకొద్దీ ఏమీ చేయని మోడల్ మార్కులు పెరుగుతాయి! అందుకే మెరుపుల శాతాన్ని కాకుండా అక్షరాల శాతాన్ని, నిమిషానికి ఎన్ని సరైన అక్షరాలన్న లెక్కను అడగాలి. కుడిచెయ్యా ఎడమచెయ్యా అని తేల్చే రెండు ముక్కల పరీక్షలోనూ ఇదే జాగ్రత్త కావాలి. నలభై ప్రయత్నాల్లో 26 సరిగ్గా వస్తే 65 శాతం, సగంకంటే బాగా ఎక్కువలా కనిపిస్తుంది. నాణెం ఎగరేసినా నూటికి నాలుగుసార్లు అంతో అంతకంటే ఎక్కువో వస్తుంది. పదిమంది మీద పరీక్షించి బాగా వచ్చిన ఒకరి బొమ్మ మాత్రమే చూపితే ఆ నాలుగు సార్లలో ఒకదాన్ని చూపినట్టు కావచ్చు.

వీటిని పట్టుకోవడం తేలిక. పట్టుకోవడం కష్టమైన పొరపాటుకు ఈ రంగంలో బాగా తెలిసిన ఉదాహరణ ఒకటుంది. కంప్యూటర్ దృష్టికి సంబంధించిన పెద్ద సదస్సులో 2017లో వచ్చిన ఒక పేపరు, మనిషి నలభై రకాల బొమ్మల్లో ఏ రకం చూస్తున్నాడో ఈఈజీ నుంచి సుమారు 83 శాతం కచ్చితత్వంతో చెప్పగలిగామంది. నలభైలో ఒకటి ఊహించి చెబితే వచ్చేది 2.5 శాతం. అంత తేడా చూసి చాలామంది అదే డేటా మీద కొత్త మోడళ్లు కట్టారు. తర్వాత పర్డ్యూ విశ్వవిద్యాలయ బృందం ఆ ప్రయోగం జరిగిన తీరును తిరగదోడింది. ఒక రకానికి చెందిన బొమ్మలన్నీ ఒకే విడతలో వరుసగా చూపారు. శిక్షణ ముక్కలూ పరీక్ష ముక్కలూ అదే విడత నుంచి తీశారు. చెమట, జెల్, కునుకు వంటి నెమ్మది మార్పులు ప్రతి విడతకూ తనదైన జాడ వదులుతాయి. మోడల్ నేర్చుకున్నది బొమ్మను కాదు, ఆ ముక్క ఏ విడతకు చెందిందన్నది. బొమ్మలను కలగలిపి చూపితే కచ్చితత్వం ఊహించి చెప్పినదానికి మించలేదు. మోడల్ తప్పు చేయలేదు, అడిగిన ప్రశ్నకు దొరికిన సులువు దారిలో జవాబు చెప్పింది. ప్రయోగాన్ని అలా అమర్చిన చోటే లోపం.

కాబట్టి పద్ధతిగా నడిచే సెమినార్‌లో నెట్‌వర్క్ బొమ్మ కంటే ముందు ప్రయోగం జరిగిన క్రమాన్ని బోర్డు మీద గీయిస్తారు. ఏ నిమిషంలో ఏమి చూపారు, ఏ రోజు రికార్డింగ్ శిక్షణకు వెళ్లింది, ఏ రోజుది పరీక్షకు మిగిలింది. ఒకే సంకేతాన్ని ఒకదానిమీద ఒకటి పడే కిటికీలుగా కోసి, కోసిన తర్వాత కలగలిపి విడదీస్తే, పరీక్ష ముక్కలో సగం శిక్షణలోనే ఉన్నట్టు. వడపోత, ప్రమాణీకరణ మొత్తం డేటా మీద ముందే చేసేస్తే పరీక్ష సమాచారం శిక్షణలోకి కారిపోయినట్టు. ఒక మనిషి డేటాతో నేర్చుకున్నది మరో మనిషి మీద ఎంత నిలుస్తుందో విడిగా చూపాలి. చాలామంది విషయంలో బాగా పడిపోతుంది. ఈ ప్రశ్నలు ప్రొఫెసర్ మాత్రమే అడిగే గదిలో విద్యార్థులు జవాబులు కంఠస్థం చేస్తారు. ఎంటెక్ మొదటి ఏడాది విద్యార్థి అడిగినా లేచి గీసి చూపించవలసిందేనన్న ఆచారం ఉన్నచోట పని నేర్చుకుంటారు. పాఠ్యగ్రంథంగా చాలాచోట్ల వాడేది, హైదరాబాద్‌లో బడి చదువు చదివి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన రాజేశ్ పి.ఎన్. రావు 2013లో రాసిన పరిచయ గ్రంథం. పునాదికి అది చాలు. విడదీత మెళకువ మాత్రం చర్చలోనే వస్తుంది.

పుర్రె లోపల ఎలక్ట్రోడ్లు అమర్చే పరిశోధన వేరే ఎత్తుకు చేరింది. స్టాన్‌ఫర్డ్ బృందం 2021లో, చేయి కదలని వ్యక్తి మనసులో రాసుకున్న చేతిరాతను నిమిషానికి 90 అక్షరాల వేగంతో చదివింది. 2023లో మాట పలికే ప్రయత్నాన్ని నిమిషానికి 62, 78 పదాల వేగంతో చదివిన రెండు వేర్వేరు ఫలితాలు ఒకేసారి వచ్చాయి. వీటిని చదివిన విద్యార్థికి నెత్తి మీది ఈఈజీ పాతబడినట్టు అనిపించవచ్చు. ఆ తీర్పు తొందరపాటు. మెదడు శస్త్రచికిత్స, ఏళ్లకేళ్లు నిపుణుల పర్యవేక్షణ ఉన్న కొద్దిమందికి సాధ్యమైనవి అవి. ఛత్తీస్‌గఢ్ పల్లె నుంచి వచ్చే మోటార్ న్యూరాన్ వ్యాధి రోగికి దగ్గరలో ఉన్నది టోపీ, జెల్, ఒక లాప్‌టాప్.

అయితే ఆ టోపీ కూడా దేనికంటే మేలో నిరూపించుకోవాలి. పి300 పలక చాలావరకు చూపు నిలపగలిగినవారికే పనిచేస్తుంది. చూపు నిలపగలిగిన రోగికి కంటిచూపును వెంబడించే కెమెరా ఉంది. అంతకంటే చవకగా, అట్ట మీద అక్షరాలు రాసి ఇంటివారు ఒక్కో వరుసా వేలితో చూపుతూ ఉంటే రోగి రెప్పతో ఔనని చెప్పే పద్ధతీ ఉంది. ఫ్రెంచి పాత్రికేయుడు జాన్-డొమినిక్ బాబీ 1997లో వచ్చిన తన పుస్తకాన్ని, సహాయకురాలు చదువుతున్న అక్షరాలకు ఒక కంటి రెప్పతో ఔనని చెబుతూ రాయించాడు. 42 సెకన్లకు ఒక అక్షరం ఇచ్చే యంత్రం అట్టకంటే నెమ్మది కావచ్చు. ప్రయోగశాలలో ఆరోగ్యవంతులైన విద్యార్థుల మీద వచ్చిన శాతం దీనికి జవాబు చెప్పదు. ఎథిక్స్ కమిటీ అనుమతితో, న్యూరాలజీ వైద్యులతో కలిసి, అదే రోగితో ఒకరోజు అట్ట, ఒకరోజు కెమెరా, ఒకరోజు టోపీ వాడించి నిమిషానికి ఎన్ని సరైన అక్షరాలో, అరగంటకు ఎంత అలసటో, నర్సు సాయం లేకుండా ఇంటివారు టోపీ పెట్టగలిగారో లేదో నమోదు చేయాలి. ఒకే రోడ్డు మీద ఇంజనీరింగ్ సంస్థ, ఆసుపత్రి ఉన్న ఊళ్లో ఆ నమోదు పట్టిక సెమినార్‌లో మొదటి స్లైడ్‌గా ఉండాలి, మోడల్ ఆ తర్వాత.