చింగమ్ గొంతు

మా తమ్ముడు నాలుగో తరగతి. బడి నుంచి రాగానే సంచి మంచం మీద పడేసి నిక్ చానెల్ పెడతాడు. పక్కింటి ఒడియా పిల్లలు ఇద్దరు కూడా వచ్చి కూర్చుంటారు, అందుకని హిందీలోనే చూస్తాం. వాళ్లు చూసేది 'మోటు పత్లు'. నేను పదో తరగతి, చదువుకోవాలి. అయినా పుస్తకం ఒళ్లో పెట్టుకొని అక్కడే కూర్చుంటాను. ఈ వ్యాసం ఆ కార్టూన్ గురించే. "పత్రికలో రాయడానికి కార్టూనే దొరికిందా?" అని నా స్నేహితులు నవ్వారు. కానీ మన ఇళ్లలో చిన్నపిల్లలు రోజూ వినే కథలు ఇప్పుడు ఇవే. అందుకే రాస్తున్నాను.

మోటు, పత్లు టీవీ కోసం పుట్టినవాళ్లు కాదు. 1969లో మొదలైన 'లోట్‌పోట్' అనే హిందీ పిల్లల పత్రికలో వాళ్లు బొమ్మల కథగా వచ్చేవారు. ఆ జంటను సృష్టించింది కృపాశంకర్ భరద్వాజ్. ఎన్నో ఏళ్ల తర్వాత, 2012 అక్టోబరులో, నిక్ చానెల్ వాళ్లని టీవీకి తెచ్చింది. యానిమేషన్ చేసింది కాస్మోస్ మాయా అనే సంస్థ. అది ఎంత నడిచిందంటే 2016లో సినిమా కూడా తీశారు. ఇలా పుస్తకంలోంచి టీవీకి వెళ్లినవాళ్లు ఇంకా ఉన్నారు. ప్రాణ్ గీసిన చాచా చౌదరి కూడా టీవీలో వచ్చాడు. ఆ వేషం రఘువీర్ యాదవ్ వేశారు.

మా వీధిలో రైల్వేలో పనిచేసే ఒక అంకుల్ దగ్గర పాత లోట్‌పోట్ సంచికలు రెండు ఉంటే అడిగి తెచ్చుకున్నాను. నా హిందీ అంతంత మాత్రమే, కూడబలుక్కొని చదివాను. పుస్తకంలో కథ రెండు మూడు పేజీల్లో అయిపోతుంది. టీవీవాళ్లు ఆ ఇద్దరికీ ఒక ఊరే కట్టి ఇచ్చారు. ఫుర్ఫురి నగర్‌లో టీకొట్టు ఉంది, డాక్టర్ ఝట్కా ఉన్నాడు, ఘసీటారామ్ ఉన్నాడు, జాన్ అనే దొంగ ఉన్నాడు. ఇది మెచ్చుకోవాల్సిన పనే. మెచ్చుకోలేనిది ఏమిటంటే కథ ఎప్పుడూ ఒకటే. మోటు ఏదో గొడవ తెచ్చిపెడతాడు, చివర్లో సమోసాలు తింటాడు, బలం వస్తుంది, అందరినీ కొడతాడు. పది భాగాలు చూస్తే పదకొండోది మా తమ్ముడే చెప్పేస్తాడు.

కానీ నేను అసలు చెప్పాలనుకున్నది గొంతు గురించి. బొమ్మల పుస్తకంలో మాటలు బుడగలో ఉంటాయి. వాటికి గొంతు మనమే ఇచ్చుకోవాలి. టీవీలో అలా కాదు, గొంతు వాళ్లే పెట్టేస్తారు. హిందీలో మోటుకి, పత్లుకి, ఇన్‌స్పెక్టర్ చింగమ్‌కి ఒక్కరే, సౌరవ్ చక్రవర్తి, గొంతు ఇచ్చారు. కళ్లు మూసుకొని వింటే ఒకే మనిషి అని నమ్మలేం. అంత గొప్ప పని అది.

అయితే ఆ చింగమ్ దక్షిణాది యాసతో హిందీ మాట్లాడతాడు. తన చేతిలోంచి ఎవరూ తప్పించుకోలేరని గొప్పలు చెప్పి, తుపాకీ పైకి పేలుస్తాడు. పైనుంచి ఏదో ఒకటి వచ్చి ఆయన నెత్తి మీదే పడుతుంది. పిల్లలు పడీపడీ నవ్వుతారు. నేనూ నవ్వేవాణ్ణి.

కిందటేడు వినాయక చవితి పందిట్లో మా వీధి పిల్లలం మోటు పత్లు నాటకం వేశాం. చింగమ్ వేషం నాకిచ్చారు. ఎందుకని అడిగితే, "నువ్వు కొత్తగా ఏం నేర్చుకోనక్కర్లేదు, నీ హిందీ అలాగే ఉంటుంది కదా!" అన్నారు. వాళ్లు నా స్నేహితులే, చెడుగా అనలేదు. నాటకం బాగానే పోయింది. నేను నోరు తెరిస్తే చాలు, జనం నవ్వారు. ఇంటికొచ్చాక మాత్రం, వాళ్లు చింగమ్‌ని చూసి నవ్వారా నన్ను చూసి నవ్వారా అని చాలాసేపు నిద్ర పట్టలేదు.

మన రాయగడ పిల్లలకి ఇది కొత్త కాదు. ఇక్కడ ఒడియా మాట్లాడితే తెలుగు యాస అంటారు. రైలెక్కి పార్వతీపురం వెళ్తే మా పెద్దమ్మ కొడుకు, "ఒరే, నీది ఒడియా తెలుగురా" అంటాడు. రెండు వైపులా మనమే చింగమ్‌లం. ఆ ఊళ్లో వేరే పాత్రలకీ యాసలు ఉన్నాయి కదా, దీనికే ఎందుకు బాధ అని అనొచ్చు. నిజమే. చింగమ్ చెడ్డవాడూ కాదు, పిరికివాడూ కాదు. కానీ అతను ఏం చెప్పాడో ఎవరికీ గుర్తుండదు, ఎలా చెప్పాడో అదే గుర్తుంటుంది. నా అభ్యంతరం అదే.

ఈ మాట మా తాతతో అన్నాను. ఆయన 'చందమామ' బేతాళ కథలు చదివి పెరిగినవారు. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకొని నడిచే శంకర్ గారి బొమ్మ ఆయనకి ఇప్పటికీ కళ్లకి కట్టినట్టే ఉందట. "మా అమ్మ చదివి వినిపించేదిరా. బేతాళుడంటే నాకు మా అమ్మ గొంతే" అన్నారు. తర్వాత 1985లో రామానంద్ సాగర్ 'విక్రమ్ ఔర్ బేతాళ్' దూరదర్శన్‌లో వచ్చింది. అది చందమామ నుంచి తీసింది కాదు, పాత బేతాళ పంచవింశతి కథలే. సజ్జన్ అనే నటుడు బేతాళుడు. "బాగా చేశాడు. కానీ ఆ తర్వాత పుస్తకం తెరిస్తే ఆయన గొంతే వినబడేది. మా అమ్మ గొంతు పోయింది" అన్నారు తాత.

చందమామ ఒడియాలో 'జహ్నమాము' పేరుతో వచ్చేది. అంటే ఇదే వీధిలో పక్కింటి ఒడియా తాతకి కూడా ఒక బేతాళుడు ఉండే ఉంటాడు, వాళ్ల యాసలో. బొమ్మ ఒకటే, గొంతులు రెండు. ఎవరూ ఎవరినీ చూసి నవ్వలేదు.

టీవీ చూడొద్దని నేను అనను. మా తమ్ముడు వినడు, నేనూ మానను. బొమ్మల పుస్తకాలు టీవీకి రావడం మంచిదే, లేకపోతే లోట్‌పోట్ పేరు నాకు తెలిసేదే కాదు. నేను అడిగేది ఒక్కటే. మన యాస ఉన్న పాత్రని పెడితే, ఒక్కసారైనా అతని నెత్తి మీద ఏమీ పడకుండా, అతను చెప్పింది మిగతావాళ్లు వినే కథ ఒకటి రాయండి.

ఈమధ్య ఆ పాత లోట్‌పోట్ కథ ఒకటి తమ్ముడికీ, పక్కింటి పిల్లలకీ చదివి వినిపించాను. హిందీ నా యాసలోనే చదివాను. మొదట్లో కిసుక్కుమన్నారు. రెండో పేజీకి వచ్చేసరికి, "తర్వాత ఏమైంది?" అని అడిగారు.