ఎడమ బొటనవేలి విద్య

రిమోట్‌తో ఎగరేసే మోడల్ విమానాల 3డీ ఏరోబాటిక్స్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన విన్యాసం హారియర్. ముక్కు 45 డిగ్రీలు పైకెత్తిన విమానం, మనిషి నడిచే వేగంతో, మోకాలెత్తున మైదానం దాటుతుంది. ప్రొపెల్లర్ గాలికి కింద గడ్డి వంగుతుంటుంది. ఎలివేటర్ దాదాపు పూర్తిగా లాగి ఉంటుంది, ఎత్తు నిలిపేది థ్రాటిల్, దారి తిప్పేది రడ్డర్. మనలో చాలామంది వాడే మోడ్ 2 ట్రాన్స్‌మిటర్‌లో ఈ రెండూ ఎడమ స్టిక్ మీదే ఉంటాయి. రెక్క ఊగబోతోందని చూసేవాళ్లకి తెలిసేలోపే పైలట్ ఎడమ బొటనవేలు దాన్ని సర్దేసి ఉంటుంది. ఈ విద్యంతా ఆ వేలిలో ఉంది.

ఆ వేలికి పెద్ద వంశమే ఉంది. 1974లో లాస్ వేగాస్‌లో బిల్ బెనెట్ మొదలుపెట్టిన టోర్నమెంట్ ఆఫ్ ఛాంపియన్స్‌లో తొలి విజేత ఆస్ట్రియాకి చెందిన హన్నో ప్రెట్నర్. ఆ పోటీల్లోనే పేరు మోగించిన అర్జెంటీనా పైలట్ కీకే సొమెంజినీ తర్వాత ఫోమ్ విమానాల రూపకల్పనకి వచ్చి, ఫ్లెక్స్ ఇన్నోవేషన్స్ స్థాపకుల్లో ఒకరయ్యారు. ఇక నాలుగు గోడల మధ్య గెర్నాట్ బ్రుక్‌మన్, లిథువేనియాకి చెందిన డొనాటాస్ పౌజువోలిస్ చేసే విన్యాసాలకి దణ్ణం పెట్టాల్సిందే. వంద గ్రాములు కూడా తూగని విమానం పాటలోని ప్రతి మలుపుకీ తిరుగుతుంది, దరువు ఆగిన చోట తనూ గాలిలో నిలబడిపోతుంది. ఆ వీడియోలు చూసేటప్పుడు విమానం మీద నుంచి కళ్లు తిప్పి, ఒక్కసారి వాళ్ల చేతుల వైపు చూడండి. స్టిక్‌లు ఎంత తక్కువగా కదులుతాయో!

ఒకప్పుడు ఇదంతా బాల్సా చెక్కతో, ఇంజన్లతో నడిచింది. నేల తగిలితే నెలల పని బుగ్గిపాలు. లిథియం బ్యాటరీ, బ్రష్‌లెస్ మోటార్, ఫోమ్ కలిసొచ్చాక విద్య మామూలు ఇళ్లలోకి వచ్చింది. ఈపీఓ ఫోమ్ నునుపుగా, అసలు విమానంలా అందంగా ఉంటుంది. ఈపీపీ ఫోమ్ అంత అందంగా ఉండదు కానీ వంగుతుంది, మళ్లీ నిలబడుతుంది. నేను ఈపీపీ పక్షం. చెక్ దేశపు ఆర్‌సీ ఫ్యాక్టరీ వాళ్ల క్రాక్ యాక్ లాంటి పలుచటి విమానం మొదటి గురువుగా దొరకడం అదృష్టం.

మైదానానికి వెళ్లేముందు సిమ్యులేటర్ మీద కూర్చున్నన్నాళ్లూ శ్రద్ధగా కూర్చోండి. మైదానంలో పట్టుకోబోయే ట్రాన్స్‌మిటరే దానికీ కలపండి. అందులో గాలి కూడా పెట్టుకోండి. విమానం తలకిందులుగా మీ వైపు వస్తున్నా ఏ స్టిక్ ఎటు కదపాలో వేళ్లకి తెలిసేదాకా వదలొద్దు. అయినా తెర మీద దొరకనివి కొన్నుంటాయి. దూరం ఎంతో కంటికి అందకపోవడం, ఎదురెండ, గుండెదడ మైదానంలోనే ఎదురవుతాయి. అక్కడ రీసెట్ బటన్ ఉండదు.

అందుకే మొదటి రోజు 3డీ జోలికి పోవద్దు. గాలి లేని పొద్దున వెళ్లండి. ట్రాన్స్‌మిటర్ రేంజి చూసుకోండి, విమానం వెనక నిలబడి ప్రతి రెక్క తలుపూ సరైన దిశలో కదులుతోందా అని చూడండి. తలుపులు కొద్దిగానే కదిలేలా తక్కువ రేట్లతో ఎగిరి ట్రిమ్ చేయండి. ఒక తప్పు చేసి, దాన్ని దిద్దబోయి ఇంకో తప్పు చేసినా నేల తగలనంత ఎత్తులో ఉండండి. బరువు సరిగ్గా కుదిరిందో లేదో విమానమే చెబుతుంది: 45 డిగ్రీల గీత మీద పైకి పోతూ తలకిందులు చేసి స్టిక్ వదలండి. వెంటనే ముక్కు నేలవైపు వాలిపోతే ముందు బరువు ఎక్కువ, బ్యాటరీని కాస్త వెనక్కి జరపండి.

ఆ తర్వాత నైఫ్ ఎడ్జ్. ఒక రెక్క నేలని, ఒక రెక్క ఆకాశాన్ని చూస్తుంటే విమానాన్ని మోసేది దాని ఒళ్లు, పడకుండా పట్టేది రడ్డర్. ఆపైన ముక్కు నిటారుగా ఎత్తి గాలిలో ఒకేచోట నిలిపే హోవర్. మొదట విమానం వీపు మీ వైపు ఉంచండి, అప్పుడు ఎడమ అంటే ఎడమే. పొట్ట మీ వైపు తిరిగితే రడ్డర్ తారుమారవుతుంది. థ్రాటిల్‌ని ఒకేచోట బిగబట్టకుండా చిన్నచిన్నగా తడుతూ ఉండాలి. మోటార్ తిప్పుడుకి విమానం ఎడమకి తిరగబోతే కుడి ఐలరాన్‌తో ఆపొచ్చు, ఆపకుండా తిరగనిస్తే అదే టార్క్ రోల్.

ఇంత సొగసైన విద్యకి పట్టిన చీడ నకిలీ విమానాలు. పేరున్న డిజైన్‌ని ఫొటో చూసి కోసి, కార్బన్ కడ్డీలు మానేసి, వదులు హార్న్‌లు, వణికే సర్వోలు తగిలించి చవగ్గా అంటగడుతున్నారు. బ్యాటరీ మీద అచ్చేసిన అంకె ఒకటి, అది ఇచ్చే కరెంటు ఒకటి. ఎగిరితే చాలు కదా అంటారు. చాలదు! బరువెక్కిన విమానం హారియర్‌లో నడవదు, ఒక రెక్క వాల్చుకుని పడుతుంది. కుర్రాడు తన చేతిలోనే లోపం ఉందనుకుని ట్రాన్స్‌మిటర్ అటకెక్కిస్తాడు. ఒక మంచి పైలట్‌ని పుట్టకముందే పోగొట్టుకుంటున్నాం.

రెండో చీడ జైరో. బటన్ నొక్కితే అదే సర్దుకునే విమానం భయం తీరుస్తుంది, నిజమే. కానీ రెక్క ఊగడం ఆపే పని యంత్రానికి అప్పగించాక ఎడమ వేలు ఏం నేర్చుకుంటుంది? జైరో ఆపేయండి. పది సార్లు పడనివ్వండి, ఈపీపీ తట్టుకుంటుంది.

హైదరాబాద్ చుట్టుపక్కల ఎగరేసే చోటు కూడా కరువవుతోంది. బేగంపేట, హకీంపేట, దుండిగల్ దగ్గర ఎగరేయకూడదు, ఎగరేయగల బీళ్లన్నీ వెంచర్లయిపోతున్నాయి. కాలేజీల యాజమాన్యాలకి నా విన్నపం ఒక్కటే: ఆదివారం పొద్దున మీ మైదానం తలుపులు తీయండి. ఏరోమోడలింగ్ నేర్పే ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ పిల్లల్ని అక్కడికి పిలవండి. చెయ్యి తిరిగిన పైలట్లారా, కొత్తవాడి పక్కన నిలబడండి, వాడి మొదటి హారియర్ మీ మాట సాయంతో నడవాలి. ఎక్కడ ఎగరేయొచ్చో చూపే డిజిటల్ స్కై మ్యాప్ చూసుకుని, అసలైన విమానం కొనుక్కుని, జైరో ఆపి రండి. ఈ విద్య ఇక్కడ నిలవాలంటే మనమే మైదానానికి రావాలి.